కాంటాక్టర్ స్పైక్‌ని పాత సీఆర్వో మీద పట్టుకోవడానికి నెల రోజులు – నా అనుభవం

శ్రీరామనవమి అయిన మూడో రోజు, 2025 ఏప్రిల్ 9న, తాడేపల్లిగూడెం దగ్గరి రైస్ మిల్లు నుంచి ఫోన్ వచ్చింది. "మీ కార్డు మళ్లీ బిగుసుకుపోయిందండీ. ఈ వారంలో ఇది మూడోసారి" అన్నారు ఓనరు గారు. దాళ్వా ధాన్యం రావడం అప్పుడే మొదలైంది. కార్డు, అంటే మిషన్లని వరుసలో నడిపే ఎలక్ట్రానిక్ బోర్డు, ఆగితే పైన మిషన్లు ఆగుతాయి, కింద ఎలివేటర్ (ధాన్యాన్ని పైకి ఎత్తే మిషన్) బూటులో, అంటే దాని అడుగు తొట్టిలో, ధాన్యం పేరుకుపోతుంది. దాన్ని చేటలతో తోడి తీయడానికి ఇద్దరు మనుషులకి గంట పడుతుంది. ఆయన గొంతు పెంచలేదు. పెంచి ఉంటే నాకు కాస్త తేలిగ్గా ఉండేది.

విజయవాడ ఆటోనగర్‌లో నాది చిన్న ప్యానెల్ షాపు. స్టార్టర్లు, కంట్రోల్ కార్డులు రిపేరు చేస్తాను, కొన్ని కార్డులు సొంతంగా కూడా తయారు చేస్తాను. ఆ మిల్లులో ఏ ఎలివేటర్ ముందు తిరగాలి, ఏది చివర ఆగాలి అని చూసుకునే కార్డు 2022లో నేను చేసి ఇచ్చిందే. అంటే తప్పు ఎవరి మీదికీ నెట్టడానికి లేదు.

ఏప్రిల్ 12న వెళ్లాను. మధ్యాహ్నం దాకా ప్యానెల్ ముందు కూర్చుని ఆరు కాంటాక్టర్లనీ (కాయిల్‌తో పనిచేస్తూ మోటార్లకి కరెంటు వేసి ఆపే పెద్ద స్విచ్చులు) ఒక్కొక్కటిగా వేసి ఆపుతూ చూశాను. వేసినప్పుడు ఏమీ కావడం లేదు. ఆపినప్పుడు మాత్రం, అదీ ప్రతిసారీ కాదు, ముప్పై నలభై సార్లకి ఒకసారి కార్డు మీద లైట్లు ఉన్నవి ఉన్నట్టే నిలిచిపోతున్నాయి. రెండో ఎలివేటర్ కాంటాక్టర్‌తో ఎక్కువగా జరుగుతోంది. కాయిల్ కరెంటు తెగినప్పుడు స్పైక్, అంటే ఒక్కసారిగా ఎగిసే వోల్టేజ్, వస్తుందని ఈ పనిలో ఉన్న ఎవరైనా చెప్పేస్తారు. కానీ అది ఎంత ఎత్తుంది, ఎంతసేపుంది, కార్డులోకి ఏ దారిన వస్తోంది అన్నది చూడకుండా నాలుగు కెపాసిటర్లు తగిలించి రావడానికి నాకు మనసొప్పలేదు. అంతకు ముందు ఏడాది ఇదే కంప్లయింటుకి అలాగే చేసి వచ్చాను. ఇప్పుడు మళ్లీ వచ్చింది. కార్డు మార్చి, మిల్లులో స్పేరుగా ఉన్న అదే రకం కాంటాక్టర్ ఒకటి, కాయిల్‌ని నడిపే రిలే ఒకటి అడిగి తెచ్చుకున్నాను.

షాపులో అదే సర్క్యూట్ బల్ల మీద కట్టాను. వోల్టేజ్ క్షణక్షణం ఎలా మారుతోందో తెర మీద గీసి చూపేది స్కోప్. నా దగ్గరున్నది చేతిలో పట్టే చిన్న డిజిటల్ స్కోప్. సెకనుకి 25 లక్షల శాంపిళ్లు తీస్తుంది. లెక్క వేస్తే రెండు శాంపిళ్ల మధ్య 400 నానోసెకన్లు. నాకు కావలసింది అందులో ఇరవయ్యో వంతులో అయిపోతుంది. తెర మీద మెట్లు మెట్లుగా ఏదో వచ్చింది, ప్రతిసారీ వేరేలా వచ్చింది. 100 మెగాహెర్ట్జ్ డిజిటల్ స్కోప్ ధర కనుక్కుంటే 38 వేలు చెప్పారు. ఒక్క కంప్లయింటు కోసం అంత పెట్టే పరిస్థితి ఆ నెల నాది కాదు.

అప్పుడు మాస్టారు గుర్తొచ్చారు. ఇంజనీరింగ్ కాలేజీలో ఎలక్ట్రికల్ చెప్పి రిటైరయ్యారు, పటమటలో ఉంటారు. 1980లలో హైవోల్టేజ్ ల్యాబ్ ఆయనే చూసుకునేవారు. ఏప్రిల్ 17 సాయంత్రం వెళ్లి సంగతి చెప్పాను. లోపలి గదిలోంచి దుప్పటి కప్పి ఉన్న టెక్‌ట్రానిక్స్ 465 సీఆర్వో (కాథోడ్ రే ఆసిలోస్కోప్, పాత రకం స్కోప్) చూపించారు. 100 మెగాహెర్ట్జ్, రెండు ఛానెళ్లు, పూర్తి అనలాగ్. 1972లో మార్కెట్‌లోకి వచ్చిన మోడల్ అది. పది కిలోల బరువు. "తీసుకెళ్లు నాయనా. ఒక్క షరతు. దాని ఎర్త్ పిన్ను పీకావని తెలిసిందంటే ఆ రోజే వెనక్కి తెచ్చేసుకుంటాను" అన్నారు.

ఆ షరతు దేనికో మొదటే చెబుతాను. సీఆర్వో బాడీ, ప్రోబ్ (కొలిచే చోట పెట్టే తీగ) క్లిప్పు రెండూ ఎర్త్‌కే కలిసి ఉంటాయి. 230 వోల్టుల కాయిల్ దగ్గర ఆ క్లిప్పు పొరపాటున ఫేజ్‌కి తగిలితే షార్ట్. అందుకని చాలామంది సీఆర్వో ప్లగ్గులో ఎర్త్ తీసేసి వాడతారు. అప్పుడు సీఆర్వో బాడీ మొత్తం ఫేజ్ మీద ఉంటుంది, నాబ్ తిప్పే చెయ్యి కూడా దాని మీదే ఉంటుంది. మా లైన్లో ఇలాగే షాక్ కొట్టి కిందపడ్డ మనిషిని నేను చూశాను. చెయ్యాల్సింది సీఆర్వోని కాదు, పరీక్ష పెట్టే సర్క్యూట్‌ని ఎర్త్ నుంచి విడదీయడం. 250 వీఏ ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ 1,900 రూపాయలు అయింది. ఈ మొత్తం పనిలో రెండో ఆలోచన లేకుండా పెట్టిన డబ్బు అదొక్కటే.

ఏప్రిల్ 20 ఆదివారం రాత్రి మొదటి ప్రయత్నం. సింగిల్ స్వీప్ అంటే ఏమిటో పుస్తకంలో చదివాను గానీ అప్పటిదాకా చేయలేదు. బటన్ నొక్కితే రెడీ లైటు వెలుగుతుంది. బీమ్ చీకట్లో కాచుకుని ఉంటుంది. ట్రిగ్గర్ (గీత మొదలుపెట్టమనే సంకేతం) రాగానే ఒక్కసారి ఎడమ నుంచి కుడికి పరిగెత్తి ఆరిపోతుంది. మళ్లీ బటన్ నొక్కేదాకా ఏమీ లేదు. కాలేజీలో చూసిన సైన్ వేవ్ తెర మీద స్థిరంగా కనబడుతుంది, ఎందుకంటే బీమ్ అదే గీతని సెకనుకి వేల సార్లు దిద్దుతుంది. ఇక్కడ ఒక్కసారే గీస్తుంది. ట్యూబు వెలుగుతున్న గదిలో నేను ఇరవై మూడు సార్లు కాంటాక్టర్ ఆపాను. రెడీ లైటు ఆరుతోంది, అంటే స్వీప్ నడిచింది. తెర మీద మాత్రం ఏమీ కనపడలేదు. ఆ రాత్రి పదకొండున్నరకి షట్టర్ దించి ఇంటికి వెళుతూ సీఆర్వోనే పాడయిందేమో, మాస్టారికి ఏం చెప్పాలా అని ఒకటే టెన్షన్.

పొద్దున్నే ఫోన్ చేస్తే ఆయన అడిగిన మొదటి మాట, "లైటు ఆర్పావా?"

ఆర్పలేదు. ఆ రాత్రి ఆర్పి చూస్తే సన్నటి ఆకుపచ్చ గీత మెరిసి పోయింది. పావు సెకను కూడా లేదు. అయితే గీత సగమే తెరలో ఉంది, మిగతాది పైకి వెళ్లిపోయింది. ఇక్కడ ఇంకో సంగతి తెలిసింది. ఈ సీఆర్వోలో గడికి 5 వోల్టులే గరిష్ఠం. మామూలు 10 ఎక్స్ ప్రోబ్ (వోల్టేజ్‌ని పదో వంతు చేసి చూపేది) పెడితే గడికి 50 వోల్టులు, ఎనిమిది గడులకి 400. కాయిల్ స్పైక్ దాన్ని దాటిపోతోంది. పైగా ఆ ప్రోబ్ తట్టుకునేది 600 వోల్టులే, అంటే ఆ రెండు రాత్రులూ నేను దాన్ని ప్రమాదంలో పెట్టాను. 100 ఎక్స్ ప్రోబ్ ఆన్‌లైన్‌లో 2,150 రూపాయలు. మూడు రోజుల్లో వచ్చింది. రాగానే సీఆర్వో ముందు ఉండే ఒక కిలోహెర్ట్జ్ చతురస్ర తరంగానికి పెట్టి, మూలలు చదునుగా వచ్చేదాకా ప్రోబ్ స్క్రూ తిప్పి సరిచేశాను. ఆ స్క్రూ సరిగ్గా లేకపోతే స్పైక్ ఎత్తు మీద చెప్పేదంతా తప్పే.

కంటికి కనిపించింది ఫొటోలో పడాలి కదా. మా బావమరిది పెళ్లిళ్ల ఫొటోలు తీస్తాడు. ముహూర్తం ఉన్న రోజు కెమెరా దొరకదు, లేని రోజులు చూసుకుని అడిగాను. ఎఫ్ 1.8 లెన్సు, ఐఎస్ఓ 6400 పెట్టి, స్టాండు మీద తెరకి ఎదురుగా నిలబెట్టాను. సీఆర్వో మూతికీ లెన్సుకీ మధ్య అట్టపెట్టె, దాని మీద నల్ల వెల్వెట్ గుడ్డ, రెండు మీటర్లు 360 రూపాయలు. షట్టర్ తెరిచిపెట్టి ఉంచాలి, కాంటాక్టర్ ఆపాలి, గీత మెరవాలి, ఆ తర్వాత గడుల లైటు నాబ్ అరక్షణం పెంచి దించాలి, అప్పుడు షట్టర్ మూయాలి. గడుల లైటు మొదటి నుంచీ వెలుగుతూ ఉంటే సన్నటి గీత ఆ వెలుగులో కలిసిపోతుంది. రెడీ లైటు వెలుగు కూడా పెట్టెలోకి వస్తోందని దాని మీద ఇన్సులేషన్ టేపు అంటించాను.

మా మాస్టారి కాలంలో దీన్నే పోలరాయిడ్ ఫిల్మ్ మీద తీసేవారట. 3000 స్పీడు నలుపు తెలుపు ఫిల్మ్, ప్యాకుకి ఎనిమిది ఫొటోలు. "ఒక్కోటి తీసేముందు ఊపిరి బిగబట్టేవాళ్లం" అన్నారు. ఆ ఫిల్మ్ తయారీ కంపెనీ 2008లోనే ఆపేసింది. నేను మాత్రం ఎన్ని కావాలంటే అన్ని తీసుకోవచ్చు. ఆ ధైర్యం లేకపోతే ఈ పని నా వల్ల అయ్యేది కాదు.

ఏప్రిల్ 24 రాత్రి తొమ్మిదికి మొదలుపెట్టాను. అంతకు ముందు కుదరదు, పక్క షెడ్డులో వెల్డింగ్ మిషన్ కొట్టిన ప్రతిసారీ నా స్వీప్ నడిచిపోతుంది. వాళ్లు కట్టేశాక కూడా రెడీ లైటు దానంతటదే ఆరిపోతోంది. గంటసేపు ట్రిగ్గర్ నాబులతో కుస్తీ పట్టాను. చివరికి తేలింది ఏమిటంటే, నా తల మీద ఫ్యాను. దాని ఎలక్ట్రానిక్ రెగ్యులేటర్ వదిలే ఎలక్ట్రికల్ నాయిస్ ట్రిగ్గర్‌కి సరిపోతోంది. ఫ్యాను ఆపితే సీఆర్వో బుద్ధిగా కాచుకుని కూర్చుంది. ఏప్రిల్ చివర, విజయవాడ, మూసిన షట్టర్ లోపల నల్ల గుడ్డ కింద తల పెట్టుకుని ఫ్యాను లేకుండా. చెమట సీఆర్వో మీద పడకుండా తువ్వాలు మెడకి చుట్టుకున్నాను.

పది దాటాక మొదటి ఫొటో వచ్చింది. కెమెరా వెనక తెర మీద పెద్దది చేసి చూశాను. ఎన్నేళ్లుగానో "స్పైక్" అని ఒక్క మాటలో అంటున్నాం గానీ అది ఒక్క స్పైక్ కాదు. రంపం పళ్లు. గడికి 0.2 మిల్లీసెకన్ల వేగంలో తీసిన ఫొటో అది. రిలే కాంటాక్టు విడిపోతుంటే వోల్టేజ్ ఎక్కుతోంది, సుమారు 300 వోల్టుల దగ్గర సన్నటి సందులో ఆర్క్ కొట్టి ఒక్కసారిగా పడిపోతోంది, మళ్లీ ఎక్కుతోంది. కాంటాక్టు ఇంకొంచెం దూరం జరిగింది కాబట్టి ఈసారి 400 దాకా ఎక్కి పడుతోంది. అలా పన్ను పన్నుకీ ఎత్తు పెరుగుతూ చివరిది 1,400 దాటింది. మొత్తం తంతు ఒక మిల్లీసెకను పైచిలుకు. మొదటి పళ్లు 300 దగ్గర ఎందుకు మొదలవుతాయని అడిగితే, గాలిలో ఎంత చిన్న సందైనా దాదాపు 330 వోల్టుల లోపు ఆర్క్ రాదని మాస్టారు చెప్పారు. నా ఫొటోలో కొలిచింది, పుస్తకంలో ఉన్నది దగ్గరగా వచ్చేసరికి రెండు వారాల అలసట పోయింది. ఇంట్లో అందరూ నిద్రపోయారు, ఎవరికి చూపించాలో తెలియక బావమరిదికి వాట్సాప్ చేశాను.

టైమ్ బేస్ (బీమ్ పక్కకి పరిగెత్తే వేగం) పెంచి గడికి 2 మైక్రోసెకన్లు పెట్టి తీస్తే ఒక్కో పన్నూ విడిగా కనిపించింది. ఎక్కే వైపు గీత స్పష్టంగా ఉంది. పడే వైపు గీత లేదు. పై కొన దగ్గర గీత ఆగిపోతుంది, కింద మళ్లీ మొదలవుతుంది, మధ్యలో నలుపు. నాకు అసలు కావలసింది ఆ నలుపులో ఉంది. ఎక్కడానికి నాలుగైదు మైక్రోసెకన్లు పడుతోంది, పడటానికి నానోసెకన్లు. నాలుగు సెంటీమీటర్ల గీతని బీమ్ 10 నానోసెకన్లలో గీస్తే దాని వేగం సెకనుకి 4,000 కిలోమీటర్లు. అంత వేగంగా వెళ్లే చుక్క ఫాస్ఫర్ (తెర లోపల వెలిగే పూత) మీద వెలుగు ఎంతని వదులుతుంది? ఇంటెన్సిటీ చివరిదాకా తిప్పాను, ఐఎస్ఓ 12800 చేశాను, గడికి 20 నానోసెకన్లకి వెళ్లాను. ముప్పై ఒక్క షాట్లలో నాలుగింటిలో పొగ చారలా పల్చటి గీత పడింది. కంప్యూటర్‌లో వెలుగు పెంచితేనే కనిపిస్తుంది. కానీ ఉంది.

షాట్ షాట్‌కీ ఎత్తు ఎందుకు మారుతోందో కూడా ఆ రాత్రే తేలింది. కాయిల్‌కి ఇచ్చేది ఏసీ. రిలే విడిపోయిన క్షణానికి కరెంటు శిఖరం మీద ఉంటే పళ్లు పెద్దవి, సున్నా దగ్గర ఉంటే దాదాపు ఏమీ రావు. మిల్లులో ముప్పై సార్లకి ఒకసారే ఎందుకు బిగుసుకుంటోందో నాకు అప్పుడు అర్థమైంది. అందుకే ఒకటి రెండు ఫొటోలు తీసి "ఇంతే వస్తోంది" అని రాసేసుకోకండి. కనీసం యాభై తీయండి.

ఒక జాగ్రత్త చెప్పాలి. సింగిల్ స్వీప్‌లో బీమ్ ఆరి ఉంటుంది కాబట్టి ఇంటెన్సిటీ మొత్తం పెంచినా ఫర్వాలేదు. అదే పరిస్థితిలో పొరపాటున ఆటో బటన్ నొక్కితే తెర మధ్యలో కళ్లు చెదిరే గీత నిలబడిపోతుంది, కాసేపు వదిలేస్తే ఫాస్ఫర్ కాలి శాశ్వతంగా మచ్చ పడుతుంది. రెండో రోజు చీకట్లో తడుముకుంటూ నేను ఆ బటన్ నొక్కాను. వెంటనే ఇంటెన్సిటీ తగ్గించాను, మచ్చ పడలేదు. మరొకరి వస్తువు అది. ఆ ఐదు క్షణాలు గుండె ఆగినంత పనయింది.

ఇప్పుడు నేను చేసిన పెద్ద తప్పు. దీని కోసమే ఇదంతా రాస్తున్నాను.

ఏప్రిల్ 27న కార్డు వైపు తిరిగాను. 5 వోల్టుల లైను మీద 10 ఎక్స్ ప్రోబ్ పెట్టి, క్లిప్పు కార్డు గ్రౌండుకి పెట్టి, కాంటాక్టర్ ఆపి ఫొటో తీశాను. 5 వోల్టుల లైను మీద కిందికీ పైకీ 11 వోల్టుల ఊపు! గడికి 20 నానోసెకన్లలో అందమైన రింగింగ్, ఒక్కో అల ఎనిమిదిన్నర నానోసెకన్లు. ఇంకేం కావాలి, సప్లై సరిగ్గా లేదు, కాయిల్ స్పైక్ సప్లై గుండా లోపలికి వస్తోంది అని నిర్ణయించేశాను. ఓనరు గారికి ఆ ఫొటో పంపి మరీ వివరించాను. 3,400 పెట్టి మంచి ఇండస్ట్రియల్ ఎస్ఎంపీఎస్ (పవర్ సప్లై) కొని ఏప్రిల్ 30న వెళ్లి బిగించాను.

మే 3 పొద్దున ఎనిమిదింటికి ఫోన్. కార్డు మళ్లీ బిగుసుకుంది. వెంటనే బస్సెక్కాను. నేను వెళ్లేసరికి ఇద్దరు కుర్రాళ్లు బూటులోంచి ధాన్యం తోడుతున్నారు. ఓనరు గారు, "ఫొటో చూపించారు కదా మాస్టారూ, మరి?" అన్నారు. నన్నెప్పుడూ ఆయన మాస్టారూ అనలేదు. ఆ మాటలో కోపం లేదు, నమ్మకం తగ్గిందంతే. కార్డు రీసెట్ చేసి, మిల్లు నడిచేలా చేసి, తలదించుకుని వచ్చేశాను. ఎస్ఎంపీఎస్ డబ్బులు అడగలేదు.

మర్నాడు మాస్టారింటికి ఫొటోలు పట్టుకెళ్లాను. ఆయన కళ్లజోడు పైకెత్తి 5 వోల్టుల ఫొటో చాలాసేపు చూశారు. "టిప్పుని దాని క్లిప్పుకే కొరికించి, అదే చోట పెట్టి ఒక షాట్ తీశావా?" అని అడిగారు.

తీయలేదు. అలాంటిదొకటి తీయాలని కూడా నాకు తెలియదు. ప్రోబ్ టిప్పు, క్లిప్పు రెండూ ఒకే పాయింటు మీద పెడితే కొలవడానికి ఏమీ లేదు, సున్నా గీత రావాలి. ఆ రాత్రే తీశాను. సున్నా రాలేదు. 9 వోల్టుల ఊపు, అదే ఎనిమిదిన్నర నానోసెకన్ల అల. దాదాపు అదే ఫొటో. అంటే 27న నేను తీసింది కార్డు బొమ్మ కాదు, నా ప్రోబ్ తీగ బొమ్మ. ప్రోబ్‌కి వేలాడే పదిహేను సెంటీమీటర్ల గ్రౌండ్ తీగ ఒక చిన్న ఇండక్టర్, ప్రోబ్ కెపాసిటీ పన్నెండు పికోఫారడ్లు, రెండూ కలిసి 120 మెగాహెర్ట్జ్ దరిదాపుల్లో ఊగుతాయి. కాగితం మీద లెక్క వేస్తే సరిగ్గా ఎనిమిదిన్నర నానోసెకన్లు వచ్చింది. ఆ కాగితం ముందు చాలాసేపు అలాగే కూర్చుండిపోయాను. లెక్క నాకు తెలియనిది కాదు. తెర మీద స్పష్టంగా కనబడేసరికి అడగాల్సిన ప్రశ్న అడగలేదు.

మాస్టారు ఓదార్చారనలేను గానీ ఒక సంగతి చెప్పారు. హోలోగ్రామ్‌కి 1971లో నోబెల్ అందుకున్న డెనిస్ గాబర్ 1920లలో బెర్లిన్‌లో చేసిన డాక్టరేట్ పని ఇదేనట, కరెంటు లైన్ల మీద వచ్చే క్షణికమైన సర్జ్‌లని కాథోడ్ రే ఆసిలోగ్రాఫ్‌తో పట్టుకోవడం. "వందేళ్ల నుంచి మనుషులు ఇదే పని మీద తలలు పట్టుకుంటున్నారు. ఇక వెళ్లి పొట్టి గ్రౌండుతో తియ్యి" అన్నారు.

ప్రోబ్ మీది ప్లాస్టిక్ టోపీ లాగేస్తే లోపల టిప్పు చుట్టూ లోహపు రింగు ఉంటుంది. పాత పెన్ను స్ప్రింగు విప్పి ఆ రింగుకి చుట్టి, ఒక సెంటీమీటరు కొన వదిలాను. ఆ కొనే గ్రౌండు. కార్డు మీద కొలిచే పాయింటు పక్కనే గ్రౌండుకి చిన్న పిన్ను టంకం వేశాను. ట్రిగ్గర్ కోసం కాయిల్‌కి ఏ ప్రోబూ తగిలించలేదు, ఒక చుట్టు తీగ కాంటాక్టర్ పక్కన పెట్టి దాన్ని బయటి ట్రిగ్గర్‌కి ఇచ్చాను. ఇప్పుడు టిప్పుని గ్రౌండుకి పెట్టి తీస్తే గీత దాదాపు చదునుగా వచ్చింది. అప్పుడు గానీ అసలు కొలతకి వెళ్లలేదు.

ఇంకో చోట ఒక రాత్రి పోయింది. రెండు ఛానెళ్లున్నాయి కదా, కాయిల్ ఒకదానిలో, కార్డు ఒకదానిలో ఒకేసారి చూద్దామనుకున్నాను. కుదరదు. లోపల బీమ్ ఒక్కటే. ఆల్ట్ మోడ్‌లో ఒక స్వీప్‌కి ఒక ఛానెలే గీస్తుంది, ఉన్నది ఒక్కటే స్వీప్. రెండు ఛానెళ్ల మధ్య మారుతూ గీసే చాప్ మోడ్ వేగం నానోసెకన్ల పనికి చాలదు. ఒక్కో ఛానెల్‌నీ వేర్వేరు షాట్లలో తీసుకోవాల్సిందే.

మే 6 నుంచి 8 దాకా మూడు రాత్రులు కార్డు మీద ఒక్కో పాయింటూ తీశాను. 5 వోల్టుల లైను మీద ఊపు ఒక వోల్టు కూడా లేదు. పాత సప్లై కూడా బాగానే ఉంది. రిలే అవుట్‌పుట్లు శుభ్రంగా ఉన్నాయి. ఎనిమిదో తేదీ రాత్రి రీసెట్ పిన్ను మీద పెట్టాను. 5 వోల్టుల దగ్గర నిలబడాల్సిన గీత కాంటాక్టర్ ఆగినప్పుడు 4 వోల్టులు కిందికి జారి 40 నానోసెకన్లలో తిరిగి పైకి వచ్చింది. అనుమానం తీరక టిప్పు గ్రౌండుకి పెట్టి మళ్లీ తీశాను, చదును. మళ్లీ రీసెట్ పిన్ను, మళ్లీ ఆ గుంట. పదకొండు ఫొటోల్లో పదకొండిట్లోనూ ఉంది. లోతు మాత్రం మారుతోంది.

కారణం ప్యానెల్ వైరింగ్‌లో ఉంది. రీసెట్ బటన్ ప్యానెల్ తలుపు మీద ఉంటుంది. దాని తీగ ఒకటిన్నర మీటరు, కాయిల్ తీగలతో కలిపి ఒకే కట్టగా నేనే టైలు వేసి అందంగా కట్టాను. రంపం పన్ను పడిన ప్రతిసారీ ఆ కట్టలో పక్క తీగలోకి దూకుతోంది. పూర్తి రీసెట్ అయితే కార్డు మొదటి నుంచి మొదలవ్వాలి. ఇంత సన్నటి దెబ్బకి అలా కాకుండా మధ్యలోనే బిగుసుకుపోతోంది.

మందు చవక. ఒక్కో కాయిల్‌కి 100 ఓములు, 0.1 మైక్రోఫారడ్ ఎక్స్2 కెపాసిటర్ సిరీస్‌లో, పక్కన 275 వోల్టుల ఎంఓవీ (ఎక్కువైన వోల్టేజ్‌ని అణిచే భాగం). సెట్టుకి 45 రూపాయలు, ఆరింటికి 270. రీసెట్ పిన్ను దగ్గర ఒక కిలో ఓము, 0.1 మైక్రోఫారడ్. రీసెట్ తీగ విడిగా, గ్రౌండుతో మెలివేసి వేరే దారిన. బల్ల మీద పెట్టి మళ్లీ ఫొటోలు తీశాను. కాయిల్ దగ్గర పళ్లన్నీ పోయి నున్నటి గుట్ట ఒకటి మిగిలింది, 500 లోపే. రీసెట్ గీత కదల్లేదు. ఈ ఫొటోలు తీస్తున్నప్పుడు చీకట్లో నవ్వుకున్నాను.

మే 10న మిల్లుకి వెళ్లి ఆరు కాంటాక్టర్లకీ బిగించాను. తీగలన్నీ మళ్లీ కట్టడానికి సాయంత్రం ఏడయింది. మిల్లు ఆపిన టైములో రెండో ఎలివేటర్ కాంటాక్టర్‌ని రెండు వందల సార్లు వేసి ఆపాను. ఓనరు గారు కుర్చీ వేసుకుని పక్కనే కూర్చుని తనే లెక్కపెట్టారు. నూట యాభై దాటాక టీ తెప్పించారు. రెండు వందలయ్యాక ఈసారి ఫొటో ఏదని ఆయనే అడిగారు. ముందుది, తర్వాతది, పక్క పక్కన చూపించాను. పాత ఫొటో తప్పెందుకో కూడా చెప్పాను. ఎస్ఎంపీఎస్ డబ్బు ఇవ్వబోతే తీసుకోలేదు, అది నా పొరపాటు ఖర్చు. నాలుగు ట్రిప్పులు, ప్రోబు, ట్రాన్స్‌ఫార్మర్, అన్నీ కలిపి పదివేల ఎనిమిది వందలు దాటింది. అందులో ప్రోబు, ట్రాన్స్‌ఫార్మర్ రేపటికీ పనికొస్తాయి.

ఇది రాస్తున్నది జూన్ 14న. ముప్పై ఐదు రోజులుగా కార్డు ఒక్కసారి కూడా ఆగలేదు. డబ్బు ఉంటే ఈ పనికి మంచి డిజిటల్ స్కోపే కొనండి, ట్రిగ్గర్‌కి ముందు జరిగింది కూడా చూపిస్తుంది, నల్ల గుడ్డ అక్కర్లేదు. అయినా టిప్పు క్లిప్పుకి పెట్టి తీసే మొదటి షాటు దానితో కూడా తీయాల్సిందే, ఆ తీగ ఏ స్కోప్‌కైనా అదే అబద్ధం చెబుతుంది.

సీఆర్వో నిన్న సాయంత్రం పటమటలో ఇచ్చేశాను. మాస్టారు ముందు ప్లగ్గు చూశారు, ఎర్త్ పిన్ను ఉందో లేదో అని. తర్వాత ఆన్ చేసి, వేడెక్కేదాకా ఇరవై నిమిషాలు ఆగి, తెర మీద మచ్చ కోసం చూశారు. పెన్ను స్ప్రింగు ప్రోబ్‌కే ఉంది, తీయబోతే "అది ఉండనీ" అన్నారు.